అకౌంట్ డిలీట్ చేస్తామని మెయిల్ వచ్చింది, నమ్మాలా వద్దా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. పాత జీమెయిల్ అకౌంట్ ఒకటి రెండేళ్లకు పైగా తెరవలేదు. అందులో ఫోటోలు, కొన్ని సర్టిఫికెట్ల స్కాన్లు ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్న మెయిల్‌కి వారం తేడాలో రెండు హెచ్చరికలు వచ్చాయి. ఒకటి నిదానంగా, "ఈ అకౌంట్ చాలాకాలంగా వాడటం లేదు, ఫలానా తేదీలోపు సైన్ ఇన్ కాకపోతే తొలగించవచ్చు" అంటోంది. రెండోది ఎర్ర అక్షరాల్లో "24 గంటల్లో శాశ్వతంగా తొలగిస్తాం, వెంటనే ఇక్కడ నొక్కండి" అంటోంది. ఏది నిజం, ఏది మోసం, లేక రెండూ మోసమేనా అని మీ ప్రశ్న.

మొదటిది నిజమయ్యే అవకాశం బాగానే ఉంది. రెండోది మోసమని దాదాపు కళ్లు మూసుకుని చెప్పొచ్చు. అయినా రెండింటిలో దేని లింకూ నొక్కకండి. తాడో పామో తేల్చుకోవడానికి చేయి పెట్టి చూడక్కర్లేదు కదా. బ్రౌజర్ తెరిచి, జీమెయిల్ అడ్రస్ మీ చేత్తో మీరే టైప్ చేసి, ఆ పాత అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. లాగిన్ అయ్యారంటే హెచ్చరిక నిజమైనా పని అయిపోయినట్టే, అబద్ధమైనా మీకు పోయిందేమీ లేదు. అందుకే ఈ మెయిల్ నిజమా కాదా అని గంటలు గంటలు జుట్టు పీక్కోవడం కంటే, అసలు ఆ అకౌంట్‌లోకి ఇప్పుడు మీరు వెళ్లగలరా అన్నది ముందు చూడాలి. నా లెక్కలో అసలు ప్రశ్న అదే.

ఎందుకంటున్నానంటే, మెయిల్ సపోర్ట్ పనిలో చాలా ఏళ్లు గడిపాను. హెచ్చరికను పట్టించుకోక అకౌంట్ పోగొట్టుకున్నవాళ్లు నాకు తక్కువే తగిలారు. హెచ్చరికను నమ్మేసి, అందులోని లింకులోనే పాస్‌వర్డ్ కొట్టి పోగొట్టుకున్నవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. వీళ్లిద్దరినీ మించి, హెచ్చరిక నిజమేనని తెలుసుకుని, సరైన పేజీకే వెళ్లి, సరైన పాస్‌వర్డే కొట్టి, "మీ ఫోన్‌కి కోడ్ పంపాం" అన్న దగ్గర ఆగిపోయినవాళ్లు. ఆ ఫోన్ నంబర్ మార్చేసి అప్పటికే నాలుగేళ్లు అయి ఉంటుంది. అకౌంట్ కళ్లెదుటే ఉంటుంది, గడువు కూడా ఇంకా మూడు నెలలు ఉంటుంది, లోపలికి మాత్రం పోలేరు. వాళ్ల బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ముందు రూల్ సంగతి. గూగుల్ 2023 మేలో ఈ పద్ధతి ప్రకటించింది. వరుసగా రెండేళ్లు ఏ వాడకమూ లేని వ్యక్తిగత అకౌంట్‌ను, అందులోని మెయిల్స్, డ్రైవ్, ఫోటోలతో సహా తొలగించవచ్చు అని. తొలగింపులు 2023 డిసెంబర్ 1 కంటే ముందు మొదలుపెట్టబోమని, ఒకసారి తెరిచి మళ్లీ ఎప్పుడూ వాడని అకౌంట్లతో మొదలుపెడతామని కూడా చెప్పింది. కారణం కేవలం స్థలం ఆదా కాదు. వదిలేసిన అకౌంట్లలో రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటిది కూడా అడగడం) పెట్టుకున్నవి వాడుకలో ఉన్నవాటితో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువని గూగుల్ తన లెక్క చెప్పింది. అంటే పాత పాస్‌వర్డ్ ఎక్కడో లీకై ఉంటుంది, యజమాని ఇటువైపు చూడడు, దొంగకి అడ్డమే లేదు. ఆఫీసు, కాలేజీ ఇచ్చిన అకౌంట్లకి ఈ రూల్ వర్తించదు, అవి అక్కడి అడ్మిన్ చేతిలో ఉంటాయి. యూట్యూబ్‌లో వీడియోలు పెట్టిన అకౌంట్లను తీసేసే ఆలోచన ప్రస్తుతానికి లేదని అప్పట్లోనే చెప్పారు. గిఫ్ట్ కార్డ్ డబ్బు మిగిలి ఉన్నవి, సబ్‌స్క్రిప్షన్ నడుస్తున్నవి కూడా మినహాయింపులోకే వస్తాయి.

మీకు పనికొచ్చే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. ఏ చర్య తీసుకునే ముందైనా కనీసం 8 నెలల నుంచే గుర్తుచేసే మెయిల్స్ పంపుతామని, అవి ఆ అకౌంట్‌కీ, దానికి రికవరీగా (లోపలికి వెళ్లలేకపోతే తిరిగి తెరుచుకోవడానికి) ఇచ్చిన మెయిల్‌కీ రెండింటికీ వెళ్తాయని గూగుల్ రాసింది. మీ మొదటి మెయిల్ ఇప్పుడు వాడుతున్న అడ్రస్‌కి ఎందుకొచ్చిందో అర్థమైంది కదా, దాన్ని అప్పట్లో రికవరీగా ఇచ్చి మరిచిపోయి ఉంటారు. రికవరీగా ఇవ్వని అడ్రస్‌కి వచ్చిందంటే మాత్రం అక్కడే అనుమానపడాలి. ముందు ఒక్క ముక్క కూడా చెప్పకుండా ఒకేసారి 24 గంటల గడువుతో దిగే మెయిల్ ఈ పద్ధతిలో ఎక్కడా ఇమడదు. తొందరపెట్టడమే దొంగ పెట్టుబడి. ఆలోచించే టైమ్ ఇస్తే మీరు నొక్కరని వాడికి తెలుసు.

నకిలీ మెయిల్ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఫోన్‌లో మెయిల్ తెరిస్తే పైన పెద్దగా ఒక పేరు కనిపిస్తుంది, "గూగుల్ అకౌంట్ టీమ్" అనో మరోటో. ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, దానికి విలువ సున్నా. పేరు కింద "నాకు" అని చిన్నగా ఉండి, పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. ఆ అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదవండి. నకిలీదైతే ముందు గూగుల్ అని ఉంటుంది, తర్వాత చిన్న గీత, తర్వాత సపోర్ట్, ఆ తర్వాత సంబంధం లేని ఇంకేదో పేరు, ఆఖర్న డాట్ కామ్. చివరి డాట్‌కి సరిగ్గా ముందున్న మాటలో గూగుల్ తప్ప ఇంకొక్క అక్షరం ఉన్నా అది గూగుల్ కాదు. "గూగుల్ డాట్ కామ్ డాట్ వెరిఫై" లాంటివి కూడా అంతే, ముందు ఎంత రాసుకున్నా ఇంటి పేరు చివర్లోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చేవాటిలో ఇంకో కిటుకు ఉంది. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద అచ్చం ఎమ్ లాగే కనిపిస్తుంది. కళ్లజోడు పెట్టుకుని చూసినా నేనే ఒకసారి మోసపోబోయాను.

కంప్యూటర్‌లో అయితే జీమెయిల్‌లో మెయిల్ పక్కనున్న మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" అని ఉంటుంది. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పరీక్షల ఫలితాలు కనిపిస్తాయి. మూడూ పాస్ అని ఉన్నాయి కాబట్టి మంచిదే అనుకునేవాళ్లు చాలామంది, పొరపాటు. పాస్ అంటే ఆ మెయిల్ నిజంగా ఆ డొమైన్ (అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాతి పేరు) నుంచే వచ్చిందని మాత్రమే. దొంగ తన సొంత డొమైన్ కొనుక్కుని పద్ధతిగా సెట్ చేసుకుంటే వాడి మెయిల్ కూడా మూడూ పాస్ అవుతుంది. గూగుల్ పేరు పెట్టుకుని ఫెయిల్ అయితే మాత్రం ఇంక ఆలోచించకండి, చెత్తబుట్టే. ఇంకో తలనొప్పి ఏంటంటే, కొందరు ఫార్మ్‌లోనో డాక్యుమెంట్‌లోనో బెదిరింపు రాసి దాన్ని మీకు షేర్ చేస్తారు, దాంతో నోటిఫికేషన్ నిజంగా గూగుల్ అడ్రస్ నుంచే వస్తుంది, లోపల మాటలు మాత్రం దొంగవి. అందుకే మొదట్లోనే చెప్పాను, మెయిల్‌ని పరీక్షించడం తెలిసినా తెలియకపోయినా లింకు నొక్కకపోతే చాలు.

లాగిన్ సంగతికి వద్దాం. లోపలికి వెళ్లాక ఒక మెయిల్ తెరిచి చదవండి, మీకు మీరే ఒకటి పంపుకోండి, డ్రైవ్ ఒకసారి తెరవండి. ఆ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి యూట్యూబ్ వీడియో చూసినా, ప్లే స్టోర్‌లో యాప్ దించుకున్నా, గూగుల్‌లో వెతికినా వాడకం కిందే లెక్క. లెక్క అకౌంట్‌కే గానీ ఫోన్‌కి కాదు. ఒకే ఫోన్‌లో రెండు అకౌంట్లు ఉండి మీరు రోజూ ఒకదాన్నే వాడుతుంటే రెండోది నిద్రపోతున్నట్టే. మీ విషయంలో ఒకటి మరిచిపోవద్దు. గూగుల్ ఫోటోస్‌ని విడిగా తెరవండి. 2021 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న ఇంకో రూల్ ప్రకారం ఏ సర్వీసుని రెండేళ్లు ముట్టుకోకపోతే ఆ సర్వీసులో ఉన్నవాటిని తొలగించవచ్చు. మెయిల్ చూసుకుంటున్నాం కదా, ఫోటోలు భద్రం అనుకోవడానికి లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, లాగిన్ అవ్వకపోతే ఏం చేయాలి? గూగుల్ అకౌంట్ రికవరీ పేజీకి వెళ్లాలి, అదీ మీరే టైప్ చేసుకుని. అక్కడ మనిషి ఉండడు, అంతా యంత్రమే తేలుస్తుంది, కాబట్టి దానికి మీరు మీరేనని అనిపించాలి. ఆ అకౌంట్‌ని ఒకప్పుడు ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోన్‌లో, ఏ వైఫైలో వాడేవారో వీలైతే అదే పరికరం మీద, అదే చోటి నుంచి ప్రయత్నించండి. బీరువాలో పడేసిన పాత ఫోన్ ఉంటే చార్జింగ్ పెట్టండి, కొన్నిసార్లు అందులో అకౌంట్ ఇంకా లాగిన్ అయ్యే ఉంటుంది! పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ఖాళీగా వదిలేయకుండా గుర్తున్న పాతదైనా కొట్టండి. పాత కంప్యూటర్ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల జాబితా కూడా చూడండి, చాలామందికి అక్కడే దొరుకుతుంది. ఊరికే టకటకా పదిసార్లు కొట్టారంటే కాసేపాగి రమ్మంటుంది, అప్పుడు నిజంగానే ఆగండి.

ఒకాయన కేసు నాకిప్పటికీ గుర్తుంది. ఆయన జీమెయిల్‌కి రికవరీ ఒక పాత మెయిల్‌బాక్స్. ఆ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ మరిచిపోయారు, దాన్ని రీసెట్ చేద్దామంటే దానికి రికవరీ మళ్లీ ఆ జీమెయిలే. ఈ పెట్టె తాళంచెవి ఆ పెట్టెలో, ఆ పెట్టె తాళంచెవి ఈ పెట్టెలో పెట్టి రెండూ మూసేసినట్టు. చివరికి వాళ్లమ్మాయి వాడేసి పక్కన పడేసిన టాబ్లెట్‌లో ఆ జీమెయిల్ తెరుచుకునే ఉందని బయటపడింది కాబట్టి బతికిపోయారు. ఇక పాత ఫోన్ నంబర్ విషయం. మీరు వదిలేసిన నంబర్‌ని కంపెనీ కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మీ కోడ్ ఇప్పుడు ఎవరో తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంది. ఆయనకి ఫోన్ చేసి కోడ్ చెప్పమని బతిమాలి పని కానిచ్చినవాళ్లని చూశాను, కానీ అదే నంబర్ అలాగే వదిలేస్తే రేపు ఆ మనిషే మీ అకౌంట్‌లోకి రావచ్చు.

అందుకని లోపలికి వెళ్లగానే సంబరపడి మూసేయకండి. సెక్యూరిటీ పేజీలో రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మార్చండి. మార్చాక ఒక వారం దాకా పాత నంబర్‌కో పాత మెయిల్‌కో కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతుంది, దొంగ లోపలికి వచ్చి మార్చేస్తే యజమానికి ఒక అవకాశం ఉండాలని. కాబట్టి గడువు రేపనగా కాకుండా ఇప్పుడే చేయడం మంచిది. రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుంటే బ్యాకప్ కోడ్స్ అని పది ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే అకౌంట్ ఫోటోల్లో దాచుకునే మహానుభావులు ఉంటారు. కాగితం మీద రాసి ఇంట్లో ముఖ్యమైన కాగితాలతో పాటు పెట్టండి.

ఫోటోలు ముఖ్యమన్నారు కదా, గూగుల్ టేకౌట్ వాడండి. ఏమేం కావాలో టిక్ పెడితే మూటగట్టి డౌన్‌లోడ్ లింక్ మెయిల్ చేస్తుంది. ఎక్కువ ఉంటే కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు కూడా పడుతుంది. ఆ లింక్ దాదాపు ఒక వారమే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ మొదటి నుంచి అడగాలి. జిప్ (ఆ మూట ఫైల్) సైజు అడిగినప్పుడు నెట్ మధ్యలో ఆగిపోతూ ఉంటే చిన్న ముక్కలుగానే తీసుకోండి. మెయిల్స్ ఎమ్‌బాక్స్ అనే ఫైల్‌గా వస్తాయి, రెండుసార్లు నొక్కితే తెరుచుకోదు, థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రామ్‌లో ఇంపోర్ట్ చేసుకోవాలి. ఫోటోల దగ్గర ఒక మెలిక ఉంది. ఒక్కో ఫోటో పక్కన అదే పేరుతో జేసన్ అనే చిన్న ఫైల్ వస్తుంది. చెత్త అనుకుని అవి తీసేయకండి, ఫోటోస్‌లో మీరు సరిచేసిన తేదీలు, రాసుకున్న వివరణలు వాటిలోనే ఉంటాయి. దించుకున్నాక కనీసం నాలుగైదు ఫోటోలు తెరిచి చూడండి. దించేశాం అనుకుని ఎప్పుడూ తెరవకుండా, ఏళ్ల తర్వాత చూస్తే జిప్ పాడైపోయి ఉండటం నాకు తెలిసినంత మామూలు విషయం ఇంకోటి లేదు.

ఇక చాలామంది అసలు ఆలోచించని సంగతి. ఆ పాత అడ్రస్‌ని ఎక్కడెక్కడ ఇచ్చారు? మెయిల్‌బాక్స్ పోతే అందులోని మెయిల్స్ మాత్రమే పోవు, దాని మీద వేలాడుతున్నవన్నీ పోతాయి. బ్యాంకు, ఇన్సూరెన్స్, సోషల్ మీడియా, ఎప్పుడో డొమైన్ కొన్న చోటు, పాత ఉద్యోగాల సైటు, వీటిలో దేనిదైనా పాస్‌వర్డ్ మరిచిపోతే రీసెట్ లింక్ వెళ్లేది ఆ చచ్చిపోయిన అడ్రస్‌కే. ఆ అకౌంట్ ఇన్‌బాక్స్‌లో వెరిఫై, వెల్‌కమ్, ఇన్వాయిస్, పాస్‌వర్డ్ అనే ఇంగ్లీషు మాటలతో ఒక్కోసారి వెతకండి. అరగంటలో మీరు ఏనాడో మరిచిపోయిన అకౌంట్లు బారులు తీరి కనిపిస్తాయి. పనికొచ్చేవాటిలో మెయిల్ అడ్రస్ మార్చుకోండి, పనికిరానివి మూసేయండి. "గూగుల్‌తో సైన్ ఇన్" అని నొక్కి తెరిచినవి వేరే, వాటి జాబితా గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. వాటికి ముందు విడిగా పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. నన్నడిగితే ఫోటోల బ్యాకప్ కంటే ఈ పనికే ముందు కూర్చోవాలి, ఫోటోలు పోతే బాధ, ఇవి పోతే బాధతో పాటు నెలల తరబడి తిరుగుడు.

నా సొంత తెలివితక్కువతనం కూడా చెబుతా. నాకు ఒక ఉచిత మెయిల్‌బాక్స్ ఉండేది, ఏ కంపెనీదో ఇప్పుడెందుకు లెండి. అక్కడికి వచ్చే ప్రతి మెయిల్ నా మెయిన్ అకౌంట్‌కి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకున్నా. రోజూ మెయిల్స్ వస్తున్నాయి, చదువుతున్నా, అంతా బాగానే ఉంది అనుకున్నా. ఎప్పుడో ఒక వారం ఏమీ రాలేదని అనుమానమొచ్చి లాగిన్ అయితే ఇన్‌బాక్స్ శుభ్రంగా కడిగేసినట్టు ఉంది. మెయిల్ రావడం, ఫార్వర్డ్ కావడం వాళ్ల దృష్టిలో నా వాడకం కాదు, నేను వెళ్లి తలుపు తీస్తేనే వాడకం. హెచ్చరిక పంపారా అంటే పంపే ఉంటారు, ఫార్వర్డ్ అయిన గుట్టలో అదీ ఒకటి, నేనే ఏదో ప్రకటన అనుకుని తీసేసి ఉంటా. అప్పటి నుంచి నా ఫోన్ క్యాలెండర్‌లో ఆరు నెలలకోసారి ఒక గుర్తు పెట్టుకున్నా, ఆ రోజు పాత అకౌంట్లన్నిటిలోకీ బ్రౌజర్‌లో ఒకసారి వెళ్లొస్తా. పావుగంట పని.

వేరే కంపెనీల్లో గడువు ఇంకా తక్కువ, ఇది చదివే మిగతావాళ్లకి పనికొస్తుందని చెబుతున్నా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి రెండేళ్లే, కానీ అవుట్‌లుక్ ఇన్‌బాక్స్‌కీ, వన్‌డ్రైవ్‌కీ విడివిడిగా ఏడాదికి ఒక్కసారైనా వెళ్లాలి. విండోస్‌లో ఆ అకౌంట్‌తో రోజూ లాగిన్ అవుతున్నాం కదా అనుకుంటారు, ఇన్‌బాక్స్ సంగతి అది కాదు. యాహూలో 12 నెలలు. తీసేసిన జీమెయిల్ అడ్రస్‌ని గూగుల్ మళ్లీ ఇంకెవరికీ ఇవ్వదు, అది కొంత నయం. యాహూ 2013లో వాడకం లేని పాత ఐడీలను కొత్తవాళ్లకి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే కొత్తగా ఐడీ తీసుకున్న కొందరు, పాత యజమానుల బ్యాంకు మెయిల్స్, సొంత విషయాలు తమకి వస్తున్నాయని బయటపెట్టారు. ఫలానా తేదీ నుంచి ఈ అడ్రస్ ఇదే మనిషిదైతేనే మెయిల్ అందించు అని పంపేవాళ్లు మెయిల్‌తో పాటు చెప్పే ఒక గుర్తుని యాహూ, ఫేస్‌బుక్ వాళ్లు కలిసి తయారుచేస్తే అది 2014లో ప్రమాణంగా కూడా వచ్చింది. అంటే సమస్య ఎంత ముదిరిందో చూడండి. సొంత డొమైన్ మీద మెయిల్ పెట్టుకున్నవాళ్లు మరీ జాగ్రత్త. రెన్యూ చేయకపోతే ఆ డొమైన్ ఎవడైనా కొనుక్కుంటాడు, మీకు రావలసిన మెయిల్స్ అన్నీ వాడింటికే.

హెచ్చరికల్లో ఇంకో రెండు రకాలున్నాయి, చూడగానే ఇదే అనుకుని కంగారు పడేవి. ఒకటి స్టోరేజ్ నిండిందని వచ్చేది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ దాటి రెండేళ్లు అలాగే వదిలేస్తే లోపలున్నవి తొలగించవచ్చు, అది లాగిన్ అయినంత మాత్రాన తీరదు, ఖాళీ చేయాలి లేదా కొనుక్కోవాలి. రెండోది మీరే పెట్టుకున్నది. ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని గూగుల్‌లో 2013 నుంచి ఉంది. నేను ఇన్ని నెలలు కనిపించకపోతే ఫలానావాళ్లకి చెప్పు, కావాలంటే అకౌంట్ తీసేయ్ అని 3 నుంచి 18 నెలల మధ్య గడువు పెట్టుకోవచ్చు, పదిమంది దాకా నమ్మకమైనవాళ్ల పేర్లు ఇవ్వచ్చు. ఎప్పుడో ఉత్సాహంగా పెట్టేసి మరిచిపోయి, తర్వాత "మీ గడువు దగ్గరపడింది" అని మెయిల్ వస్తే మోసం అనుకున్నవాళ్లున్నారు. మీరు లోపలికి వెళ్లినప్పుడు అది ఆన్‌లో ఉందేమో ఒకసారి చూడండి.

మీరు రాయలేదు గానీ, ఆ రెండో మెయిల్‌లో లింక్ ఇప్పటికే నొక్కి ఉంటే సిగ్గుపడకుండా ఒప్పేసుకోండి, ఈ రంగంలో పనిచేసేవాళ్లే నొక్కుతుంటారు. నొక్కి పేజీ చూసి మూసేస్తే సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి ముందు అసలు సైటులో పాస్‌వర్డ్ మార్చండి, ఏ అకౌంట్‌ది కొట్టారో దానిది, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నారో అక్కడ కూడా. ఓటీపీ ఉంది కదా ఏం కాదులే అనుకోకండి, ఇప్పటి నకిలీ పేజీలు మీరు కొట్టిన ఓటీపీని ఆ క్షణంలోనే అసలు సైటుకి అందించి దొంగని లోపలికి పంపేస్తాయి. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ వేలిముద్రతోనో లాక్‌తోనో సైన్ ఇన్ కావడం) అయితే అలా మోసపోదు, అది అసలు సైటు దగ్గరే పనిచేస్తుంది. పాస్‌వర్డ్ మార్చాక జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ రెండూ తెరిచి చూడండి. దొంగ లోపలికి వచ్చాక సాధారణంగా చేసే పని, బ్యాంకు పేరుతో వచ్చే మెయిల్స్ మీకు కనిపించకుండా పక్కకి పోయేలా ఒక ఫిల్టర్ పెట్టడం. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అక్కడే ఉంటుంది. "మీ పరికరాలు" జాబితాలో తెలియనిది ఉంటే సైన్ అవుట్ కొట్టండి, ఏ యాప్‌లకి మీ అకౌంట్ అనుమతి ఉందో అదీ చూసి తెలియనివి పీకేయండి.

చనిపోయిన ఇంటివాళ్ల అకౌంట్‌కి ఇలాంటి హెచ్చరిక వస్తే అది వేరే దారి. పాస్‌వర్డ్ తెలుసు కదా అని గబగబా వెళ్లి రికవరీ నంబర్లన్నీ ఒకేసారి మార్చేస్తే అనుమానంతో లాక్ అయిపోవచ్చు. గూగుల్‌లో చనిపోయినవారి అకౌంట్ గురించి అడిగే ఫారం ఉంది, మరణ ధ్రువీకరణ పత్రం లాంటివి అడుగుతారు, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. దానికి టైమ్ పడుతుంది, గడువు చివరిదాకా ఆగకండి.

మీ విషయంలో ఇవాళే చేయాల్సింది ఒక్కటే, బ్రౌజర్‌లో టైప్ చేసి లాగిన్ ప్రయత్నం. ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయండి, తెర మీద ఏ వాక్యం కనిపించిందో ఉన్నదున్నట్టు, దాన్ని బట్టి తర్వాతి అడుగు చెబుతాను. ఆ అకౌంట్ అడ్రస్, ఫోన్ నంబర్, వచ్చిన కోడ్ మాత్రం రాయొద్దు. ఈ ప్రశ్న చూసి "అకౌంట్ తెరిపిస్తాను, కొంత ఖర్చవుతుంది" అని మీకు విడిగా మెసేజ్ పెట్టేవాళ్లు తప్పకుండా వస్తారు. పాస్‌వర్డ్ సపోర్ట్ ఇస్తామనే ఏ బయటివాళ్లతోనూ తమకి సంబంధం లేదని గూగులే చెప్పింది, వాళ్లకి జవాబు కూడా ఇవ్వకండి.